డయల్ చివరిదాకా తిప్పకు

కార్తీక్,

నువ్వు పంపిన ఫొటో చూశాను. నీ రోటరీ మిషన్‌తో గీస్తుంటే అక్రిలిక్ కరిగి బిట్‌కి జీడిపాకంలా చుట్టుకుపోయింది. బిట్ మొద్దుబారిందా, కొత్తది కొననా అని అడిగావు. బిట్‌కేం కాలేదు. డయల్ ముప్పై వేల ఆర్‌పీఎం మీద పెట్టావు, అదీ సంగతి. అంత వేగంలో రాపిడికి పుట్టే వేడి పోయే దారి ఉండదు. ప్లాస్టిక్ మెత్తబడి పళ్ల మధ్య ఇరుక్కుంటుంది. ఆ తర్వాత బిట్ కోయదు, ఉత్తినే రుద్దుతుంది. పదివేల దగ్గరికి దించు. ఇంకా కరుగుతుంటే ఇంకా దించు. కాసేపు గీసి, ఎత్తి, చల్లారాక మళ్లీ గియ్యి.

డబ్బా మీద 35,000 అని ఉంది కదా, అది మిషన్ తిరగగలిగే వేగం. బిట్ ఎంత తట్టుకుంటుందన్నది వేరే లెక్క, అది బిట్ ప్యాకెట్ మీద ఉంటుంది. బాలానగర్‌లో మా టూల్‌రూమ్‌కి వచ్చిన కుర్రాళ్లందరికీ ముందు బిట్ అంచు వేగం లెక్కే చేసి చూపించేవాణ్ణి. ముప్పై వేల ఆర్‌పీఎం దగ్గర 3 మి.మీ. బర్ బిట్ అంచు గంటకు 17 కిలోమీటర్ల వేగంతో కదులుతుంది, అంటే సైకిల్ వేగం. అదే డయల్ మీద 25 మి.మీ. కటింగ్ డిస్క్ పెడితే దాని అంచు వేగం 140 దాటుతుంది. బిట్ లావు పెరిగితే డయల్ తగ్గించమనేది అందుకే. వైర్ బ్రష్ అయితే 15,000 దాటనివ్వకు, తీగలు ఊడి సూదుల్లా ఎగురుతాయి. కొత్త బ్రష్ బిగించాక ఒక నిమిషం ఖాళీగా తిప్పు, ఆ నిమిషం దాని ఎదురుగా ఎవరూ ఉండకూడదు. కళ్లద్దాలు పెట్టుకోకుండా స్విచ్ వెయ్యకు. మీ నాన్నలా మెడలో తువ్వాలు వేసుకుని కూర్చోవడం కూడా కుదరదు.

కొండపల్లి నుంచి తెచ్చుకున్న పొణికి ముక్కల సంగతి వేరు. ఆ చెక్క తేలిక, మెత్తన. అక్కడివాళ్లు ఉలితో, ఆకురాయితో చేసే పనిని నువ్వు మిషన్‌తో చేస్తానంటున్నావు, చెయ్యి. దాని మీద వేగం ఉండొచ్చు గానీ చెయ్యి బరువు ఉండకూడదు. ఒకేచోట ఆపావంటే నల్లగా మాడుతుంది. టేకు మీద ఇంకా తొందరగా మాడుతుంది. అల్యూమినియానికి గ్రైండింగ్ రాయి వాడకు, ఆ లోహం రాయి రంధ్రాల్లో నిండిపోయి రాయి నున్నగా తయారవుతుంది. దానికి కార్బైడ్ బర్ పెట్టి, కాస్త మైనం రాసుకో. గాజుకి డైమండ్ బిట్, తక్కువ వేగం, తడి కావాలి. కానీ నీది ప్లగ్ మిషన్. ట్రేలో నీళ్లు పోసుకుని దాని మీద మిషన్ పెడతానంటే ఒప్పుకోను. స్పాంజితో చుక్కలు వేసుకుంటూ చెయ్యి, మోటార్ వైపు తడి రానివ్వకు.

నొక్కడం నీకున్న పెద్ద అలవాటు. నువ్వు పంపిన వీడియోలోనే వినిపించింది, బిట్ తగలగానే మోత కుంగిపోతోంది. కుంగిందంటే చెయ్యి తేలిక చెయ్యమని మిషన్ అడుగుతోందన్నమాట. లోపలి ఫ్యాన్ కూడా ఆ మోటార్ ఇరుసు మీదే ఉంటుంది. వేగం తగ్గితే గాలి తగ్గుతుంది. తక్కువ వేగంలో నొక్కి పట్టుకుంటే మోటార్ అందుకే కాలుతుంది. మిషన్ ఒళ్లు చెయ్యి భరించలేనంత వేడెక్కితే పని ఆపి, ఖాళీగా కాసేపు తిప్పు.

బిట్ కాడను పట్టే కొలెట్ విషయం చిన్నదే గానీ చెప్పాలి. 3 మి.మీ. కాడను 3.2 కొలెట్‌లో బిగిస్తే పట్టినట్టే ఉంటుంది, పట్టదు. కాడ లోపలిదాకా పోనిచ్చి, వెంట్రుకవాసి వెనక్కి లాగి బిగించు. బయట పొడుగ్గా వదిలితే వేగంలో వంగిపోతుంది. బిట్ లేకుండా నట్ బిగించకు, కొలెట్ నలిగిపోతుంది. తిరుగుతున్నప్పుడు లాక్ బటన్ నొక్కితే ఏమవుతుందో షాపువాడు చెప్పే ఉంటాడు.

ఇక మోటార్ కార్బన్ బ్రష్‌లు, అదే బొగ్గులు. నలభై, యాభై గంటల పని అయ్యాక మూతలు విప్పి చూడు. ఏ బొగ్గు ఏ వైపుదో, ఏ ముఖం కమ్యుటేటర్‌కి ఆనిందో గుర్తుపెట్టుకుని, మళ్లీ అలాగే పెట్టు. పొడవు 3 మి.మీ.కి వచ్చినా, ముఖం గుంటలు పడ్డా రెండూ ఒకేసారి మార్చు. బొగ్గు అరిగిపోయి స్ప్రింగ్ కమ్యుటేటర్‌ని గీరితే ఆర్మేచరే పోతుంది, దాని ధరకి మిషన్ సగం వస్తుంది. కొత్తవి వేశాక పనికి పెట్టకుండా ఐదారు నిమిషాలు ఖాళీగా తిప్పు, ముఖం కుదురుకుంటుంది. గాలి సందుల్లోని చెక్కపొట్టు పని అయిన రోజే ఊదెయ్యి. నూనె మాత్రం ఎక్కడా పొయ్యకు, ఆ బేరింగులకి అక్కర్లేదు. ఫ్లెక్సిబుల్ షాఫ్ట్ కొంటే దాని లోపలి తీగకి గ్రీజు కావాలి, అది కొన్నప్పుడు రాయి, చెబుతాను.

ఈ ఆదివారం ఆ అక్రిలిక్ చెత్తముక్క మీద 10,000తో మొదలుపెట్టి, రెండు వేలు చొప్పున పెంచుకుంటూ గీతలు గియ్యి. ఎక్కడ అంచు మెత్తబడిందో ఆ గీత పక్కన అంకె రాసి ఫొటో పంపు.

నీ పెదనాన్న