లెక్కల పిల్ల డాక్టరు కావచ్చా?

దీపావళి సెలవులు అయ్యాక ఒక పూర్వ విద్యార్థిని వాళ్లమ్మతో మా స్టాఫ్ రూముకు వచ్చింది. రాయ్‌పూర్ డబ్ల్యు.ఆర్.ఎస్. కాలనీలో రైల్వే కుటుంబం. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్లు. పదకొండులో లెక్కలు, కంప్యూటర్ సైన్స్ తీసుకుంది, బి.టెక్. చేసింది, రెండేళ్లుగా ఉద్యోగం చేస్తోంది. నాన్నకు డయాలసిస్ మొదలయ్యాక వైద్యం చదవాలని మనసు పడింది. “మేడమ్, నాకు బయాలజీ లేదు కదా, ఇప్పుడు కుదురుతుందా?” అని అడిగింది.

మేము కాసేపు మాట్లాడలేదు. ఇదే ప్రశ్న ఇంతకు ముందు పనిచేసిన ఊళ్లో ఒక అబ్బాయి అడిగితే, “ఆ దారి లేదు నాయనా” అనేశాం. అప్పటి నిబంధన ప్రకారం అది నిజమే. తర్వాత నిబంధన మారింది, కానీ ఆ అబ్బాయి ఎక్కడున్నాడో మాకు తెలియదు. బదిలీల ఉద్యోగంలో ఇలాంటి బాకీలు మిగిలిపోతాయి.

1997 నాటి వైద్యవిద్య నిబంధనల ప్రకారం 11, 12 తరగతుల్లో భౌతిక, రసాయన, జీవశాస్త్రాలను ప్రయోగాలతో సహా రెండేళ్లు వరుసగా చదివి ఉండాలి. 2023 నవంబరు 22న జాతీయ వైద్య కమిషన్ దీన్ని సడలించింది. పన్నెండు పాసయ్యాక జీవశాస్త్రాన్ని గుర్తింపు పొందిన బోర్డు నుంచి అదనపు సబ్జెక్టుగా పాసైనా నీట్ రాయవచ్చు. గరిష్ఠ వయోపరిమితిని 2022లోనే తీసేశారు. మన పొరుగున ఒడిశాలో, బుర్లా వైద్య కళాశాలలో 2020లో 64 ఏళ్ల రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి ఒకరు ఎం.బి.బి.ఎస్.లో చేరారు.

ఇక ప్రణాళిక. జాతీయ సార్వత్రిక విద్యాలయ సంస్థ (ఎన్.ఐ.ఓ.ఎస్.) ద్వారా జీవశాస్త్రం ఒక్కటే రాయవచ్చు. పరీక్షలు ఏప్రిల్-మే, అక్టోబరు-నవంబరుల్లో జరుగుతాయి. నీట్ సాధారణంగా మే మొదట్లో ఉంటుంది కాబట్టి వేసవి పరీక్ష పెట్టుకుంటే రెండూ ఒకదాని మీద ఒకటి పడతాయి. అక్టోబరు పరీక్షే మేలు. ప్రయోగ పరీక్ష కూడా ఉంటుంది, దాన్ని చిన్నచూపు చూడకండి.

ఎన్.సి.ఇ.ఆర్.టి. జీవశాస్త్రంలో పదకొండుకు 19, పన్నెండుకు 13, మొత్తం 32 అధ్యాయాలు. ఉద్యోగం చేస్తూ వారానికి ఒకటి చదివితే 32 వారాలు. నవంబరులో మొదలుపెడితే జూన్ ఆఖరుకు పూర్తవుతాయి. అక్కడి నుంచి అక్టోబరు దాకా పునశ్చరణ, ఆ తర్వాతి మేలో నీట్. అంటే ఏడాదిన్నర. అంతకు తక్కువలో అవుతుందని మేము చెప్పలేం.

నీట్‌లో 180 ప్రశ్నలు, 720 మార్కులు. అందులో సగం, 360, జీవశాస్త్రానివే. లెక్కలు చదివినవాళ్లకు భౌతికశాస్త్రం భయం తక్కువ. ఇబ్బందంతా పేర్లతోనే. అందుకని మొదట కణం, తర్వాత మానవ శరీర ధర్మశాస్త్రం చదవమన్నాం. మూత్రపిండాల అధ్యాయం ఆమెకు ఎవరూ గుర్తు చేయనక్కరలేదు. బోర్డు మార్కులనూ మరవకూడదు. 1997 నాటి నిబంధనల్లో మూడు శాస్త్రాల్లో కలిపి జనరల్‌కు 50 శాతం, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలకు 40 శాతం ఉండాలని ఉండేది.

మన తెలుగు పిల్లలకు ఇంకో మాట. నీట్ తెలుగులోనూ ఉంది, కానీ తెలుగు ప్రశ్నపత్రం ఆంధ్ర, తెలంగాణ కేంద్రాల్లోనే ఇస్తారు. రాయ్‌పూర్‌లో రాస్తే ఇంగ్లీషో హిందీయో తీసుకోవాలి. ప్రభుత్వ కళాశాలల్లో 85 శాతం సీట్లు రాష్ట్రానివి, 15 శాతం అఖిల భారత కోటావి. ఎయిమ్స్ రాయ్‌పూర్‌లాంటి చోట్ల సీట్లన్నీ అఖిల భారత స్థాయివే. మాలాగా ఊళ్లు మారే ఉద్యోగుల పిల్లలు ఏ రాష్ట్రంలో స్థానికులవుతారో ముందే చూసుకోవాలి.

“ఉద్యోగం మానేయాలా అమ్మా?” అని వాళ్లమ్మ అడిగింది. సీటు వచ్చేదాకా వద్దన్నాం. వచ్చాక ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు, జీతం ఉండదు. ఇంట్లో డయాలసిస్ ఖర్చు ఉండనే ఉంది. ఆ లెక్క ఇంకా తేలలేదు. పదకొండో తరగతి పుస్తకం మాత్రం మా అల్మరాలోంచి పట్టుకెళ్లింది.