లాడ్ బజారు రాయి, దాని నీరు

చార్మినారుకు పడమట లక్క గాజుల దుకాణాల మధ్య నడిచేవాళ్ళు కాళ్ళ కింద ఏమున్నదని అడగరు. బేరం చేసుకునే చోట ఆ ప్రశ్నతో పనేముంది? కాని భూగర్భశాస్త్రం చదివే విద్యార్థికి లాడ్ బజారు మంచి పాఠశాల. శిలను చూడటానికి కొండ ఎక్కనక్కరలేదు, పక్కనే ఉన్న మక్కా మసీదు గోడ దగ్గర నిలబడితే చాలు. 1694లో పూర్తయిన ఆ కట్టడం ఇక్కడి గ్రానైటుతో కట్టినదే. దగ్గరగా చూడండి. గాజుముక్కలా మెరిసేది క్వార్ట్జు. తెల్లగానో గులాబీగానో పలకలుగా కనిపించేది ఫెల్డ్‌స్పార్. నల్లని చుక్కలు బయొటైట్ అనే అభ్రకం. ఈ రాయి వయస్సు రమారమి 250 కోట్ల సంవత్సరాలు.

ఇంత గట్టి రాయిలో నీళ్ళెక్కడివి? నిజానికి పగలని గ్రానైటులో నీరు నిలిచే ఖాళీ నూటికి ఒక పాలు కూడా ఉండదు. నీరుండేది రాయిలో కాదు, రాయి చెడిన చోట. వాన, ఎండ, గాలి లక్షల ఏళ్ళు పనిచేయగా ఫెల్డ్‌స్పార్ మెత్తబడి బంకమన్నవుతుంది, క్వార్ట్జు ఇసుకగా మిగులుతుంది. దీన్నే మా ఊళ్ళో మొరం అంటారు. మొరం కింద పగుళ్ళు పారిన బండ, దాని కింద పగులు లేని బండ. బావి తవ్వే మా తాత తరంవాళ్ళకు ఈ మూడూ తెలుసు. పేర్లు మాత్రమే మన పుస్తకాల్లో వేరు.

హైదరాబాదుకు దక్షిణాన సుమారు 35 కిలోమీటర్ల దూరంలో, 53 చదరపు కిలోమీటర్ల మహేశ్వరం పరీవాహక ప్రాంతంలో, ఎన్.జి.ఆర్.ఐ. శాస్త్రజ్ఞులూ ఫ్రెంచి శాస్త్రజ్ఞులూ కలిసి ఇదే విషయాన్ని ఏళ్ళ తరబడి కొలిచారు. ఇందుకోసం 1999లో ఇండో-ఫ్రెంచి భూగర్భజల పరిశోధన కేంద్రం ఏర్పడింది. బోరులోకి పరికరం దింపి ఏ లోతులో నీరు లోపలికి వస్తున్నదో చూస్తే, నీళ్ళిచ్చే పగుళ్ళు ఎక్కువగా 35, 40 మీటర్ల లోపే ఉన్నాయని తేలింది. ఆ దిగువకు పోయిన కొద్దీ పగుళ్ళు అరుదు.

ఈ సంగతి చదివినప్పుడు నాకు మా చేను గుర్తొచ్చింది. మా నాయన వేయించిన మూడో బోరు 600 అడుగులు పోయింది, అంటే 180 మీటర్ల పైమాటే. దుమ్ము లేచింది తప్ప జల పడలేదు. అప్పు మాత్రం పడింది. లోతుకు పోతే నీళ్ళుంటాయనే నమ్మకం గోదావరి డెల్టా ఇసుక నేలలో కొంత చెల్లవచ్చునేమో గాని మన గ్రానైటులో చాలాచోట్ల చెల్లదు.

ఒక చిన్న లెక్క చేద్దాం. ఏడాదికి 800 మిల్లీమీటర్ల వాన, అందులో పదోవంతు నేలలోకి ఇంకుతుందనుకుందాం. అంటే 80 మిల్లీమీటర్లు. మొరంలో నీరు నిలిచి మళ్ళీ బయటికిచ్చే ఖాళీ నూటికి రెండు పాళ్ళయితే ఆ 80 మిల్లీమీటర్లు నీటిమట్టాన్ని నాలుగు మీటర్లు లేపుతాయి. భలే అనిపిస్తుంది. కాని అంతే నీరు తోడితే అంతే నాలుగు మీటర్లు దిగుతుంది! మన బావి తొందరగా నిండుతుంది, తొందరగా ఎండుతుంది. ఇక లాడ్ బజారులో ఇంకడానికి మన్ను ఎక్కడుంది? అంతా కప్పు, రాతిపరుపు, సిమెంటు. మురుగు కాలువ చెమ్మ కూడా ఆ పగుళ్ళలోకే దిగుతుంది. తాగే నీటిలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు మించరాదని మన ప్రమాణం. పాతబస్తీ బోరు నీరు తియ్యగా ఉందని మెచ్చుకునే ముందు పరీక్ష చేయించడం మేలు.

ఇంకని వాన ఏమవుతుంది? పారుతుంది. 1908 సెప్టెంబరు 28న మూసీ నది ఈ నగరాన్ని ముంచింది. శంషాబాదులో 24 గంటల్లో 12.8 అంగుళాలు కురిసింది. పరీవాహక ప్రాంతంలోని 788 చెరువుల్లో 221 తెగాయి. ఒక చెరువు నీరు దిగువ చెరువు మీద పడి, ఆ రెండూ మూడోదాని మీద పడి, వరద పెరిగింది. అఫ్జల్, ముస్లిం జంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు దెబ్బతిన్నాయి. వేలమంది చనిపోయారు. చార్మినారు నుంచి నదివైపు వెళితే వచ్చే పత్థర్‌గట్టి రాతి కమానులు ఆ వరద తర్వాత సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు కట్టించినవి. విశ్వేశ్వరయ్యగారి సలహాతో ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో తయారయ్యాయి. అయినా 2020 అక్టోబరులో పాతబస్తీ దక్షిణపు కాలనీలు మునిగాయి. ఈసారి ముంచినది మూసీ ఒక్కటే కాదు, పైనున్న చెరువులు కూడా. చెరువు అలుగు పారే దారిలో ఇల్లు కడితే నీరు దారి అడగదు.

భూకంపాల గురించి రెండు ముక్కలు. దక్కను పీఠభూమి కదలదన్న ధీమా 1967లో కొయనాలో, 1993 సెప్టెంబరు 30న కిల్లారిలో పోయింది. 2024 డిసెంబరు 4న ములుగు దగ్గర 5.3 తీవ్రతతో వచ్చినది హైదరాబాదులోనూ తెలిసింది. ఇక్కడ ప్రమాదం తక్కువే, లేదని మాత్రం అనలేం.

బావుల సంగతికి వస్తే, కుతుబ్ షాహీ సమాధుల దగ్గరి బడీ బావలి 2013 వానలకు కొంత కూలితే తిరిగి కట్టారు. చెత్తతో పూడిపోయిన బన్సీలాల్‌పేట మెట్లబావిని బాగుచేసి 2022 డిసెంబరులో తెరిచారు. పాతబస్తీ దేవిడీలలో, ఇళ్ళల్లో ఇంకా మూతపడని బావులు ఎన్నో ఉండవచ్చు. మన విద్యార్థులు కొలవడానికి ఖరీదైన యంత్రం అక్కరలేదు. ఒక స్టీలు టేపు, సుద్దముక్క చాలు. టేపు చివర మీటరు దాకా సుద్ద పూసి, బావి అంచున ఒకే గుర్తు నుంచి దింపండి. అంచు దగ్గరి అంకెలోంచి తడిసిన పొడవు తీసేస్తే నీటిలోతు వస్తుంది. మే నెలాఖరున ఒకసారి, నవంబరులో ఒకసారి. పొద్దున్నే, మోటారు వేయకముందు కొలవాలి. ఇంటివాళ్ళ అనుమతి అడిగి, తేదీ తప్పకుండా రాసుకోవాలి.