ఫిష్ కట్టా, ట్రంపెటా, షీతా? పెళ్లి దుస్తుల బిగువు వెనుక ఉన్న లెక్క

పెళ్లి రిసెప్షన్ కోసం ఒంటికి అతుక్కున్నట్టుండే లెహంగా లేదా గౌను ఎంచుకునేటప్పుడు మూడు పేర్లు తరచూ వినిపిస్తాయి. ఫోటోలో చూస్తే మూడూ దాదాపు ఒకేలా ఉంటాయి. తేడా వేదిక మెట్లెక్కేటప్పుడు, కుర్చీలో కూర్చునేటప్పుడు తెలుస్తుంది. అప్పటికి గుడ్డ కత్తిరించడం, ఎంబ్రాయిడరీ చేయడం అయిపోయి ఉంటాయి.

ఇలాంటి దుస్తులకు కావలసిన పాలిస్టర్ జార్జెట్, క్రేప్, శాటిన్ బట్టలు దేశంలో పెద్ద ఎత్తున తయారయ్యే నగరం గుజరాత్‌లోని సూరత్. అక్కడి మరమగ్గాలపై పనిచేసే వారిలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌ల నుంచి వలస వెళ్లిన తెలుగు కుటుంబాలవారు ఎందరో ఉన్నారు. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలు కూడా నడుపుతోంది. సగం కుట్టిన లెహంగాలు ఆ నగరం నుంచే మన ఊళ్ల దుకాణాలకు వస్తుంటాయి. నడుము కొలతను ఇక్కడి దర్జీ సరిచేయగలడు. కానీ ఫ్లేర్, అంటే గుడ్డ విచ్చుకోవడం, ఎక్కడ మొదలవ్వాలో ముక్కల కోతలోనే నిర్ణయమైపోతుంది. మూడు ఆకృతులకూ అసలు తేడా అదే.

ఫ్లేర్ ఎక్కడ మొదలవుతుంది?

ట్రంపెట్‌లో బిగువు తొడ మధ్య వరకే ఉంటుంది. ఫిష్ కట్‌లో మోకాలి దాకా బిగుతుగా సాగి, ఆపై చేప తోకలా విచ్చుకుంటుంది. షీత్‌లో ఫ్లేర్ దాదాపు ఉండదు, చీలమండ దాకా తిన్నగా దిగుతుంది.

నడిచేటప్పుడు కాళ్లు కత్తెరలా తెరుచుకుంటాయి. తుంటి కీలు నుంచి కిందికి వచ్చేకొద్దీ రెండు కాళ్ల మధ్య దూరం పెరుగుతుంది. రెండు కాళ్లను రెండు గుండ్రని స్తంభాలుగా ఊహించి, వాటి చుట్టూ ఒక పట్టీ బిగిస్తే లెక్క సులువవుతుంది. పట్టీ చుట్టుకొలత = కాళ్ల మధ్య దూరానికి రెట్టింపు + ఒక కాలి చుట్టుకొలత.

తుంటి కీలు నుంచి నేల వరకు 84 సెం.మీ., మోకాలి వరకు 42 సెం.మీ. ఉన్న వధువును ఉదాహరణగా తీసుకుందాం. ఆమె మోకాలి చుట్టుకొలత 36 సెం.మీ., తొడ మధ్యలో 50 సెం.మీ. బట్ట సాగనిదని, ఫ్లేర్ మొదలయ్యే చోట దాని చుట్టుకొలత 90 సెం.మీ. అని అనుకుందాం.

ఫిష్ కట్‌లో మోకాళ్ల మధ్య దూరం (90 – 36) ÷ 2 = 27 సెం.మీ. మించదు. మోకాలు సగం ఎత్తులో ఉంది కాబట్టి అడుగు దీనికి రెట్టింపు, అంటే సుమారు 54 సెం.మీ.

ట్రంపెట్‌లో తొడల మధ్య దూరం (90 – 50) ÷ 2 = 20 సెం.మీ. అయితే ఆ చోటు తుంటి కీలుకు 21 సెం.మీ. కిందే ఉంది. కాబట్టి పాదాల దగ్గర దూరం నాలుగు రెట్లవుతుంది: సుమారు 80 సెం.మీ.

షీత్‌లో అంచు చుట్టుకొలత 110 సెం.మీ., చీలమండ 22 సెం.మీ. అయితే అడుగు 44 సెం.మీ. దగ్గరే ఆగిపోతుంది. అందుకే షీత్‌కు వెనుకో, పక్కనో చీలిక పెడతారు. చీలిక పెడితే పట్టీ బిగిసే చోటు చీలిక పై కొసకు మారుతుంది.

మామూలు నడకలో చాలామంది స్త్రీల అడుగు 60 సెం.మీ. అటూఇటుగా ఉంటుంది. అంటే ఒకే చుట్టుకొలత ఉన్నా ట్రంపెట్‌లో సహజంగా నడవవచ్చు, ఫిష్ కట్‌లో అడుగు కుదించుకోవాలి. ఇది స్థూలమైన అంచనాయే అయినా, టేపుతో ఎవరైనా తమ కొలతలు వేసి చూసుకోవచ్చు.

కూర్చుంటే ఏమవుతుంది?

మోకాలు పూర్తిగా వంచితే దానిపై చర్మం నిలువుగా మూడో వంతుకు పైగా సాగుతుంది. కూర్చున్నప్పుడు పిరుదుల దగ్గర చుట్టుకొలత కూడా పెరుగుతుంది. చర్మంలా సాగలేని బట్ట ఆ ఒత్తిడినంతా కుట్టు మీదకు నెడుతుంది. శాటిన్ నేతలో దారాలు ఎక్కువ దూరం అల్లికలో చిక్కుకోకుండా తేలుతుంటాయి. మెరుపుకు కారణం అదే, బలహీనతా అదే. లాగినప్పుడు దారాలు కుట్టు దగ్గర జారి సందులు కనిపిస్తాయి. కుట్టుకు రెండు వైపులా పట్టుకుని నెమ్మదిగా లాగి చూస్తే ఈ లోపం కొనేముందే బయటపడుతుంది.

దీనికి రెండు పరిష్కారాలున్నాయి. మొదటిది 1958లో జోసెఫ్ షివర్స్ రూపొందించిన సాగే నూలు స్పాండెక్స్. బట్టలో కొద్ది శాతం కలిసినా తేడా తెలుస్తుంది. రెండోది ఐమూల కోత. 1920లలో పారిస్‌లో మడలీన్ వియోనే దీన్ని ప్రసిద్ధం చేశారు. నిలువు, అడ్డ దారాలకు 45 డిగ్రీల కోణంలో లాగినప్పుడు నేతలోని చిన్న చతురస్రాలు వజ్రాకారంలోకి ఒరుగుతాయి. అందువల్ల సాగని దారాలతో నేసిన బట్ట కూడా సాగుతుంది. అయితే సొంత బరువుకే పొడవు పెరుగుతుంది కాబట్టి, ఒక రాత్రి వేలాడదీశాకే అంచు కుట్టాలి.

బట్ట ఎలా జారుతుంది?

బట్ట మెత్తదనాన్ని అంకెల్లో చెప్పే మార్గాన్ని 1930లో ఎఫ్.టి. పీర్స్ చూపించారు. బల్ల అంచు దాటించిన గుడ్డ ముక్క ఎంత పొడవుకు ఎంత వంగుతుందో కొలిచే పద్ధతి అది. తరువాత వచ్చిన క్యూసిక్ పరికరంలో 18 సెం.మీ. వ్యాసం గల బిళ్లపై అంతకంటే పెద్ద గుండ్రటి గుడ్డను పరచి, దాని నీడ వైశాల్యాన్ని కొలుస్తారు. నీడ చిన్నదైతే బట్ట మెత్తగా జారుతుందని అర్థం.

ట్రంపెట్‌కు అలా జారే క్రేప్, జార్జెట్ నప్పుతాయి. ఫిష్ కట్‌లో ఫ్లేర్‌కు దొరికే ఎత్తు తక్కువ కాబట్టి, అది విచ్చుకుని నిలవాలంటే బిరుసైన బట్ట లేదా లోపల నెట్ పొర కావాలి.

ఎంపిక

పీటల మీద కూర్చోవడం, సప్తపది ఉన్న ముహూర్తానికి ఈ మూడూ అనువు కావు. మోకాళ్లు విడదీసి కూర్చోవడానికి చీర కుచ్చిళ్లలో ఉన్న గుడ్డ వీటిలో ఉండదు. రిసెప్షన్‌లో మెట్లు, నృత్యం ఉంటే ట్రంపెట్ మేలు. ఎక్కువసేపు నిలబడే ఉండేట్టయితే ఫిష్ కట్ సరిపోతుంది. షీత్ తీసుకుంటే చీలిక ఎంత ఎత్తు వరకు ఉందో చూడాలి. ఏది తీసుకున్నా, వేసుకుని అద్దం ముందు నిలబడటంతో సరిపెట్టకుండా పది అడుగులు నడిచి, రెండు మెట్లెక్కి, ఒకసారి కుర్చీలో కూర్చుని చూడటం మంచిది.