చలిలో పోలీసు బండి ఇంజిన్ ఆపాలా, వద్దా?

సందేహం: ఆరు నెలలు ఉండి వెళ్దామని అమెరికాలోని మినియాపొలిస్‌లో మా అమ్మాయి దగ్గరికి వచ్చాను. ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేరి ఫోర్‌మన్‌గా రిటైరైనవాణ్ణి. ఇక్కడి పోలీసు కార్లను చూస్తే ఒళ్లు మండుతోంది. కాఫీ షాపు ముందు, కోర్టు ముందు, ఎక్కడ చూసినా లోపల మనిషి ఉండడు, ఇంజిన్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. మా దగ్గర బస్టాండులో ఇంజిన్ ఆపని డ్రైవరుకు మెమో పడేది. అడిగితే మా అల్లుడు, "ఈ చలిలో ఆపితే మళ్లీ స్టార్టవదు మావయ్యా" అంటాడు. నిజమేనా?
– ఒక పాఠకుడు, స్వస్థలం తెనాలి

సమాధానం: మీ అల్లుడుగారిది కార్బురేటర్ల నాటి మాట. అప్పట్లో నిజమే. ఇప్పుడు చాలామటుకు కాదు.

మీరున్న ఊరి చలిని మాత్రం తక్కువ చేయలేం. 2019 జనవరి 30న అక్కడ మైనస్ 33 సెల్సియస్ నమోదైంది. అలాంటి పొద్దున బండిని ఇబ్బంది పెట్టేవి రెండు: బ్యాటరీ, ఆయిలు. మైనస్ 18 దగ్గరకు వచ్చేసరికే లెడ్ యాసిడ్ బ్యాటరీ బలం సుమారు సగానికి పడిపోతుంది. సరిగ్గా అప్పుడే ఆయిలు చిక్కబడి, క్రాంకు తిప్పడానికి స్టార్టరు ఎక్కువ కరెంటు అడుగుతుంది. అయితే ఇప్పటి సింథటిక్ ఆయిళ్లు వేరు. డబ్బా మీద 5డబ్ల్యూ అని ఉంటే మైనస్ 30లో, 0డబ్ల్యూ అని ఉంటే మైనస్ 35లో క్రాంకు తిరగగలదో లేదో పరీక్షించి ఆ పేరు ఇస్తారు. పైగా రాత్రంతా మంచులో నిలబెట్టిన బండి వేరు, ఊరంతా తిరిగి పావుగంట ఆగిన బండి వేరు. అంత వేడెక్కిన ఇనుము కాఫీ తాగి వచ్చేలోపు గడ్డకట్టదు.

మరెందుకు ఆపరు? ఇంజిన్ కోసం కాదు, బండిలో ఉన్న సరంజామా కోసం. లాప్‌టాప్, వైర్‌లెస్, రాడార్, కెమెరాలు, పైన లైట్లు అన్నీ ఆ ఒక్క పన్నెండు వోల్టుల మీదే బతకాలి. ఇంజిన్ ఆపి ఇవన్నీ నడిపితే బ్యాటరీ ఎంతోసేపు నిలవదు. మత్తుమందు మోతాదు మించి పడిపోయినవాళ్లకు ముక్కులో కొట్టే నాలక్సోన్ స్ప్రే కూడా పోలీసుల దగ్గర ఉంటుంది. అది సుమారు మైనస్ 15లో గడ్డకడుతుంది. కొన్ని బండ్లలో వెనక కుక్క ఉంటుంది. కొన్నింటిలో బేడీలు వేసిన మనిషి ఉంటాడు, అతను చలికి వణికితే బాధ్యత ఆ ఆఫీసరుదే. ఇక వైర్‌లెస్‌లో పిలుపు వచ్చాక అద్దం మీద మంచు గోక్కుంటూ నిలబడటం కుదరదు గదా. అందుకే ఒక గంటలో మూడు నిమిషాలకు మించి ఇంజిన్ ఆన్‌లో ఉంచకూడదన్న మినియాపొలిస్ నగర నిబంధన కూడా పోలీసు, అంబులెన్సు వాహనాలను వదిలేసింది.

తాళంచెవి బండికే వదిలేసి పోతున్నారని మీరు అనుకుని ఉండొచ్చు. అలా కాదు. పోలీసుల కోసం తయారైన చాలా బండ్లలో ఇంజిన్ నడుస్తుండగానే తాళంచెవి తీసి జేబులో వేసుకునే ఏర్పాటు ఉంటుంది. వేరెవరైనా ఎక్కి గేరు వేయబోతే ఇంజిన్ ఆగిపోతుంది.

ఇంతవరకూ వాళ్ల తరఫున చెప్పాను. ఇక మీ తరఫు. కేఎంపీఎల్ (లీటరుకు ఎన్ని కిలోమీటర్లు) లెక్కలు చూసిన కళ్లకు ఇది చూడలేని దృశ్యమే. ఎస్‌యూవీ ఇంజిన్ ఇన్ని పరికరాలు మోస్తూ నిలబడే గంటకు సుమారు రెండు లీటర్ల పెట్రోలు తాగుతుంది, కేఎంపీఎల్ సున్నా! అసలు దెబ్బ ఇంజిన్‌కు తగులుతుంది. గంటసేపు ఐడిల్‌లో ఉంటే 33 మైళ్లు, అంటే 53 కిలోమీటర్లు, నడిచినంత అరుగుదల అని ఫోర్డ్ తన పోలీసు బండ్లకు లెక్క చెబుతుంది. చలిలో ఐడిల్ మీద ఇంజిన్‌కు అసలైన వేడి రాదు. ఆవిరై మండాల్సిన పెట్రోలు కొంత సిలిండరు గోడల మీదుగా జారి ఆయిల్‌లో కలుస్తుంది. పొగలోని నీటి ఆవిరీ సంపులోకి చేరుతుంది. డిప్‌స్టిక్ లాగితే ఆయిలు మట్టం పెరిగినట్టు కనిపిస్తుంది, వాసన చూస్తే పెట్రోలు. ఓడోమీటరు మాత్రం అమాయకంగా తక్కువ మైళ్లే చూపిస్తుంది. అందుకే పోలీసు బండ్ల డాష్‌బోర్డులో ఐడిల్ గంటలు చూపించే మీటరు విడిగా పెట్టారు. దాన్ని చూడకుండా మైళ్లను బట్టి ఆయిలు మార్చే గ్యారేజీకి త్వరలోనే ఇంజిన్ పని తప్పదు.

ప్రాణాపాయం ఇంకోటుంది, కార్బన్ మోనాక్సైడ్. 2017లో టెక్సస్‌లోని ఆస్టిన్ పోలీసులు ఈ భయంతో సుమారు 400 ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్లను రోడ్డు మీద నుంచి తప్పించారు. కొన్న తరువాత లైట్లూ పరికరాలూ బిగించేటప్పుడు వెనక బాడీకి పెట్టిన చిల్లులను సరిగా మూయకపోవడం ఒక కారణమని ఫోర్డ్ చెప్పింది. వైరు కోసం చిల్లు పెట్టి రబ్బరు బుష్ వేయని మెకానిక్కును మీరు ఊరికే వదిలేవారా!

నా తీర్పు ఇది. ప్రమాదం జరిగిన చోట, లైట్లు వేసుకుని రోడ్డుకు అడ్డంగా నిలిచిన బండిని నడవనివ్వాల్సిందే. కుక్కో మనిషో లోపలున్నా అంతే. స్టేషన్ వెనక వరసగా నిలబెట్టి, "చలి" అని చెప్పి రగిలించే బండ్లకు మాత్రం సాకు లేదు. వాటికి షెడ్డు ఉండాలి, లేదా ఇంజిన్‌ను వేడిచేసే కరెంటు హీటరుకు ప్లగ్గు ఉండాలి. మిగతాది హైబ్రిడ్ చూసుకుంటుంది. 2020 మోడల్ నుంచి ఫోర్డ్ పోలీసు ఎక్స్‌ప్లోరర్ మామూలుగానే హైబ్రిడ్‌గా వస్తోంది. నిలబడ్డప్పుడు లైట్లను, లాప్‌టాప్‌ను పెద్ద బ్యాటరీ నడుపుతుంది, అవసరమైనప్పుడే ఇంజిన్ లేస్తుంది. గడ్డకట్టే చలిలో లోపలి హీటరుకు వేడి కూలెంట్ కావాలి కాబట్టి కాస్త తరచుగానే లేస్తుంది, అయినా నిరంతరం కాదు. ఈసారి సైలెన్సరు వైపు చూడండి, పొగ ఆగి ఆగి వస్తుంటే హైబ్రిడ్ అయ్యుండొచ్చు. దూరం నుంచే చూడండి సుమా. ఆ దేశంలో పోలీసు కారు కిందకు వంగి చూడటం మంచి అలవాటు కాదు.

సందేహం: కెనడాలోని ఎడ్మంటన్‌లో పాత కారు కొన్నాను. ముందు గ్రిల్లులోంచి కరెంటు ప్లగ్గు వేలాడుతోంది. కారు మామూలు పెట్రోలుదే. ఇదేమిటి?

సమాధానం: అదే పైన చెప్పిన హీటరు, అక్కడ బ్లాక్ హీటర్ అంటారు. ఇంజిన్‌లోని కూలెంట్‌ను వేడిచేస్తుంది. 1940లలో నార్త్ డకోటాలోని గ్రాండ్ ఫోర్క్స్‌కు చెందిన ఆండ్రూ ఫ్రీమన్ ఇలాంటి హీటరు చేసి పేటెంటు తీసుకున్నాడు. అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్‌లో పార్కింగ్ స్థలాల్లోనే ఇందుకు ప్లగ్ పాయింట్లు ఉంటాయి. రాత్రంతా పెట్టనక్కర్లేదు. బయలుదేరడానికి రెండు మూడు గంటల ముందు ఆన్ అయ్యేలా టైమరు పెట్టుకుంటే చాలు. ఆరుబయట వాడే మందపాటి ఎక్స్‌టెన్షన్ వైరే కొనండి. కొన్నది పాత కారు కాబట్టి ముందు ఆ తీగ తొడుగు పగిలిందేమో చూసుకోండి. బయలుదేరేముందు ప్లగ్గు పీకడం మరిచిపోవద్దు.

సందేహం: సార్, డెన్వర్‌లో ఎమ్మెస్ చదువుతున్నాను. మా రూమ్మేట్ రోజూ పొద్దున్నే కారు స్టార్ట్ చేసి, ఇరవై నిమిషాలు అలాగే వదిలి పైకొచ్చి టిఫిన్ చేస్తాడు. "పోలీసులే చేస్తారు" అంటాడు.

సమాధానం: పోలీసుల బండిలో వేరెవరైనా గేరు వేయబోతే ఇంజిన్‌ను ఆపేసే ఏర్పాటుంది, మీ రూమ్మేట్ బండిలో లేదు. మీరున్న కొలరాడో రాష్ట్రంలో ఇలా మనిషి లేకుండా కారు నడుస్తూ వదిలేయడాన్ని 'పఫింగ్' అంటారు, అది చట్టరీత్యా తప్పు. దొంగలు పొద్దున్నే వెతికేది సరిగ్గా ఈ పొగ వచ్చే కార్లనే. తాళం వేసి ఉన్న కారును రిమోట్ స్టార్టర్‌తో నడిపితే ఫర్వాలేదు.

ఇంజిన్‌కైతే ఇరవై నిమిషాలు అక్కర్లేదు. స్టార్ట్ చేశాక అద్దాల మీద మంచు పూర్తిగా గోకేయండి, ఈలోగా ఒకటి రెండు నిమిషాలు గడుస్తాయి. తరువాత మొదటి కొన్ని కిలోమీటర్లు యాక్సిలరేటరు గట్టిగా తొక్కకుండా నడపండి. నిలబెట్టినదానికంటే నడిపినప్పుడే హీటరు త్వరగా వేడిగాలి ఇస్తుంది. టైర్లు, గేర్‌బాక్సు, బేరింగులు నడిస్తేనే వేడెక్కుతాయి.

అన్నిటికంటే ముఖ్యం: రాత్రి మంచు బాగా కురిస్తే, స్టార్ట్ చేయకముందే వెనక్కి వెళ్లి సైలెన్సరు గొట్టం చుట్టూ మంచు తీసేయండి. అది మూసుకుపోతే విషవాయువు కార్లోకే వస్తుంది. దానికి రంగూ వాసనా ఉండవు, నిద్ర వచ్చినట్టే ఉంటుంది. తలుపు తెరిచి ఉన్నా సరే, గ్యారేజీ లోపల మాత్రం ఇంజిన్ వేడిచేయొద్దు.

సందేహం: మాది చింతపల్లి. లంబసింగి వైపు టూరిస్టులను డీజిల్ జీపులో తిప్పుతాను. డిసెంబరులో పొద్దున పది నిమిషాలు స్టార్టింగ్‌లో ఉంచుతున్నాను. మంచిదేనా?

సమాధానం: అక్కర్లేదు. సున్నాకు దగ్గరగా ఉండే మీ చలి డీజిల్ ఇంజిన్‌కు పెద్ద కష్టం కాదు. తాళం తిప్పాక హీటర్ ప్లగ్ లైటు ఆరేదాకా ఆగండి, స్టార్ట్ చేసి అర నిమిషం చూసి మెల్లగా బయలుదేరండి. మీది బీఎస్-6 బండి అయితే ఎక్కువసేపు నిలబెట్టి నడపడం వల్ల సైలెన్సరులో మసిని పట్టే ఫిల్టరు, అంటే డీపీఎఫ్, నిండిపోతుంది, మార్చాలంటే ఖర్చు ఎక్కువ. పొద్దున స్టార్టింగ్ బరువుగా ఉంటే ముందు బ్యాటరీ చూపించుకోండి.