'ఫైన్' – ఒక పదం, పెక్కు అర్థాలు

'ఐ పెయిడ్ ది ఫైన్' అను వాక్యాన్ని 'నేను చక్కగా చెల్లించాను' అని అనువదించిన సమాధానపత్రమొకటి మా కంటబడినది. నవ్వు వచ్చిన మాట నిజమే. కాని లోపం విద్యార్థిది కాదు. ఒక్కొక్క పదానికి ఒక్కొక్క అర్థాన్నే వల్లె వేయించిన మా బోధనది.

ఈ పదానికి మూలం 'అంతం' అని అర్థమిచ్చు లాటిన్ పదం 'ఫీనిస్'. తుదివరకు తీర్చిదిద్దినది శ్రేష్ఠం; వివాదాన్ని తుదముట్టించుటకు చెల్లించు సొమ్ము అపరాధ రుసుము. ఒకే వేరునుండి రెండు కొమ్మలు.

కనుక పర్యాయపదాన్ని సందర్భమే నిర్ణయించవలెను. బియ్యమైతే సన్నని, పిండియైతే మెత్తని, పనితనమైతే నాణ్యమైన, ఆరోగ్యమైతే కులాసా, శిక్షయైతే జరిమానా. ఉర్దూలో వరుసగా బారీక్, ఉమ్దా, జుర్మానా వంటి మాటలున్నవి. నేరమని అర్థమిచ్చు 'జుర్మ్' నుండి పుట్టిన జుర్మానాయే తెలుగులో జరిమానా అయినది. మన 'దండుగ' కూడ ఒకప్పుడు జరిమానాయే. నేడది వృథా ఖర్చు. అర్థాలు మారుట ఆంగ్లానికే పరిమితం కాదు.

ఉర్దూ, తెలుగు రెండును ఎరిగిన మన విద్యార్థికి ఆంగ్ల పదాన్ని తూచుటకు రెండు త్రాసులున్నవి. వాటిని కొరతగా కాక కలిమిగా ఎంచవలెనని మా మనవి.