ఎండలు దేవుడిచ్చినవా, మనం తెచ్చుకున్నవా?



మొన్న ఆదివారం పూజ ముగిశాక కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీకి చెందిన ఒక తండ్రి గుడి మెట్ల దగ్గర నన్ను ఆపి అడిగారు: "లోకం పుట్టినప్పటి నుంచీ వాతావరణం మారుతూనే ఉందంటారు గదా! మరి ఈ ఎండలకు మనుషులే కారణమని మా పాప పాఠంలో ఎందుకుంది?" న్యాయమైన ప్రశ్న. తప్పు మనదైతేనే గదా దిద్దుకోవలసింది!

ఆయన మొదటి మాట నిజమే. సాక్ష్యం మన తెలంగాణ నేలలోనే ఉంది. గోదావరి లోయలో సింగరేణి బొగ్గు పొరలకు అడుగున గుండ్రాళ్లతో నిండిన పొర ఒకటి ఉంది. ఆ రాళ్లను మోసుకొచ్చింది మంచు. సుమారు 30 కోట్ల ఏళ్ల క్రితం మన నేల దక్షిణ ధ్రువానికి దగ్గరగా ఉండేది. కొత్తగూడెం ఎండలో నిలబడినవారికి ఇది నమ్మబుద్ధి కాదు! ఇటు వికారాబాదు వైపు వెళితే కనిపించే నల్లరాయి 6 కోట్ల 60 లక్షల ఏళ్ల నాటి లావా. ఆ లావాతో పాటు వెలువడిన వాయువులు భూగోళం వాతావరణాన్నే మార్చివేశాయి.

భూమి తిరిగే దారి, దాని వంపు మెల్లమెల్లగా మారడం వల్ల మంచు యుగాలు వచ్చిపోయాయి. కాని ఆ మార్పులకు వేల ఏళ్లు పడుతుంది. అగ్నిపర్వతం పేలితే గంధకపు పొగమంచు ఎండకు అడ్డుపడి భూమి చల్లబడుతుంది. 1991లో ఫిలిప్పీన్సులో పినతూబో పేలినప్పుడు భూమి సగటు ఉష్ణోగ్రత కొంతకాలం సుమారు అర డిగ్రీ తగ్గింది. పోనీ, సూర్యుడే వేడెక్కాడా? 1980ల నుంచి సూర్యుని వేడి పెరగలేదు. భూమి వేడి మాత్రం పెరుగుతూనే ఉంది.

మరి పెరిగినదేమిటి? కార్బన్ డయాక్సైడ్. పెద్దలు బొగ్గుపులుసు వాయువు అనేవారు. ఫ్యాక్టరీల కాలానికి ముందు గాలిలో లక్ష పాళ్లకు ఇది 28 పాళ్లు. ఇప్పుడు 42 దాటింది. "ఇంతేనా?" అనకండి. నేల నుంచి పైకి పోయే వేడిని దుప్పటిలా ఆపేది ఈ కొంచెమే. బొగ్గంటే ఏమిటి? కోట్ల ఏళ్ల క్రితం చెట్లు గాలిలోంచి తీసి దాచిన కర్బనం. ఇల్లందులో 1889లో తవ్వకం మొదలైంది. నాటి నుంచి దాన్ని తీసి తగలబెడుతూనే ఉన్నాం. లోకమంతా చేస్తున్నదీ ఇదే. అంత పాత కర్బనంలో కార్బన్-14 మిగిలి ఉండదు. గాలిలో పెరిగిన వాయువు మీద శాస్త్రజ్ఞులు ఆ గుర్తునే పట్టుకున్నారు. అగ్నిపర్వతాలన్నీ కలిసి ఏటా వదిలేది మనం వదిలేదానిలో నూరో వంతు కూడా ఉండదు.

కూకట్‌పల్లి నుంచి హైటెక్ సిటీకి బండి మీద వెళ్లేవారు ఒక లెక్క చూసుకోండి. లీటరు పెట్రోలు బరువు ముప్పావు కిలో. కాలితే రెండు కిలోలకు పైగా ఈ వాయువవుతుంది. ప్రాణవాయువును కలుపుకుంటుంది గనుక బరువు పెరుగుతుంది.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. మన కాలనీలలో రాత్రి పదైనా గోడలు చల్లబడకపోవడానికి లోకం వేడెక్కడం ఒక్కటే కారణం కాదు. చెట్లు పోయి కాంక్రీటు వచ్చింది. అది పగటి వేడిని దాచి రాత్రి వదులుతుంది. ఇది ఊరి వేడి, అది భూమి వేడి. మనం రెండూ కలిపి అనుభవిస్తున్నాం. అలాగే ప్రతి వరదనూ ఈ ఖాతాలో వేయరాదు. మూసీ 1908లోనే ఊరిని ముంచింది. అయితే గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని మోయగలదు. కాబట్టి కురిసే వాన ఒక్కసారిగా కుమ్మరిస్తుంది.

కీర్తిశేషులు జగద్గురువులు ఫ్రాన్సిస్ గారు 2015లో రాసిన 'లౌదాతో సీ' లేఖలో అగ్నిపర్వతాలను, సూర్యుని, భూమి వంపును మరువలేదు. వాటినీ పేర్కొని, ఇటీవలి వేడిలో ఎక్కువ భాగం మనుషుల పనేనన్నారు. 2023లో మరో లేఖలో ఇంకా గట్టిగా చెప్పారు.

ఆ తండ్రికి ఇంతవరకు చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "మా ఏసీ వెనుక పెట్టె పక్కవాళ్ల కిటికీ ఎదురుగా ఉందండీ. వాళ్లకు ఏసీ లేదు" అన్నారు. ఆ కిటికీ వేసవంతా మూసే ఉంటుందట.