జపానులో హలాల్ భోజనము

ప్రశ్న: మా అబ్బాయి ఉద్యోగమునకై టోక్యో పోవుచున్నాడు. అచ్చట హలాల్ ఆహారము దొరకునా? — ఒక తల్లి, కడప

జవాబు: దొరకునమ్మా; కాని వెదకుకొనవలెను. విమానములో ముస్లిం భోజనము కావలెనని ప్రయాణమునకు కనీసము 24 గంటల ముందే తెలియజేయుడు. టోక్యోలో యొయొగి-ఉయెహర స్టేషనుకు చేరువనే, 1938లో తొలుత నిర్మింపబడి 2000లో పునర్నిర్మితమైన జామీ మసీదు ఆవరణలోనే, హలాల్ సరకుల అంగడి గలదు. షిన్-ఒకుబో వీధులలోను అట్టి దుకాణములు పెక్కులు.

అయితే మాంసము మానినంతనే చాలునని తలంచుట పొరపాటు. పైన కూరగాయముక్కలు మాత్రమే తేలుచు, పాలవలె తెల్లగా కానవచ్చు రామెన్ అను నూడుల్సు పులుసు గంటలకొలది పందియెముకలను మరిగించి తీసినది కావచ్చును. కూరకు తీపినిచ్చు మిరిన్ బియ్యపు మద్యమే. రొట్టెలో పందికొవ్వును, తీపిపదార్థములలో జెలటిన్‌ను ఉండవచ్చును. పులియబెట్టిన సోయాసాస్ విషయమున పండితాభిప్రాయములు వేరువేరుగా నున్నందున మీ మౌల్వీగారినే అడుగుట మేలు.

జపాను భాషలో పందిని 'బుత' యందురు. ఆ పదమును వారి లిపిలో వ్రాయించి చిరంజీవి జేబులో నుంచినచో, పొట్లము వెనుకనున్న దినుసుల పట్టికతో అక్షరమునకు అక్షరము సరిచూచుకొనగలడు. అలసి ఇంటికి చేరిన రాత్రి, కేవలము ఉప్పు రాసి కాల్చిన చేపయు వేడి అన్నమును నిశ్చింతగా భుజింపవచ్చును. ఒక చిన్న రైస్‌కుక్కరును మాత్రము అచ్చటనే కొనుమనుడు. జపాను విద్యుత్తు 100 వోల్టులే గనుక ఇచ్చటిది అచ్చట సరిగా పనిచేయదు.